టికెట్లో పేరు తేడా వచ్చిందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

విదేశీ ప్రయాణాల మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పేర్ల దగ్గరే ఆగాయి. టికెట్లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా. తమాషా ఏంటంటే చిన్న తేడా ఉన్నవాళ్లు నిద్ర మానేసి రాశారు, నిజంగా కంగారు పడాల్సినవాళ్లేమో 'అక్కడికెళ్లి చెబుదాంలే' అనే ధీమాలో ఉన్నారు. అందుకే లగేజీ బరువుల సంగతి వచ్చేసారికి వదిలేసి ఈసారి చోటంతా పేర్లకే ఇచ్చేశాం.

ప్రశ్న: ఒక వెబ్‌సైట్లో నేనే టికెట్ బుక్ చేసుకున్నాను. మెయిల్ వచ్చాక చూస్తే ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది. ఆ వెబ్‌సైట్ కస్టమర్ కేర్ వాళ్లు 'ఒక్క అక్షరమేగా, పర్లేదు' అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. వాళ్ల మాట అబద్ధమని కాదు, ఒక్క అక్షరం తేడాతో విమానం ఎక్కేసినవాళ్లు బోలెడుమంది ఉంటారు. కానీ ఫోన్లో ఆ మాట చెప్పిన మనిషి రేపు చెక్-ఇన్ కౌంటర్లో ఉండడు కదా. అక్కడుండేది ఎయిర్‌లైన్ ఉద్యోగి. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే చాలా దేశాలు ఎయిర్‌లైన్‌కే జరిమానా వేస్తాయి, ఆ మనిషిని వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యతా దాని నెత్తినే పడుతుంది. కాబట్టి ఏ కాస్త అనుమానం వచ్చినా ఆపేయడమే ఆ ఉద్యోగికి క్షేమం. పైగా పేరు చూసేది కౌంటర్లో ఒక్కళ్లే కాదు. మీరు ఇల్లు కదలకముందే అది అవతలి దేశానికి చేరిపోతుంది. అమెరికా విమానాలకైతే పూర్తి పేరు, పుట్టిన తేదీ, జెండర్ ఈ మూడింటినీ ఎయిర్‌లైన్ 72 గంటల ముందు నుంచే టీఎస్ఏ అనే అక్కడి రవాణా భద్రతా సంస్థకు పంపాలి, వాళ్లు వాటిని నిఘా జాబితాలతో పోల్చి చూసి సరేనంటేనే బోర్డింగ్ పాస్ వస్తుంది. దీన్నే సెక్యూర్ ఫ్లైట్ అంటారు.

మూడు వారాలుంది కాబట్టి మీరు హాయిగా సరిచేయించుకోవచ్చు. ముందు పాస్‌పోర్టు తీసి ఫొటో ఉన్న పేజీ అడుగున చూడండి, ఒక్కోటి 44 గుర్తులతో రెండు వరుసలుంటాయి. స్కానర్ చదివేది వాటినే. పేరు మొదటి వరుసలో ఉంటుంది. టికెట్‌ని పోల్చాల్సింది దాంతోనే, పదో తరగతి సర్టిఫికెట్‌తోనో డ్రైవింగ్ లైసెన్సుతోనో కాదు.

తర్వాత, టికెట్ ఎవరి దగ్గర కొన్నారో వాళ్లనే పట్టుకోండి. వెబ్‌సైట్లో కొన్నదాని గురించి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే 'మీ ఏజెంటుతో మాట్లాడండి' అనేస్తారు, సాధారణంగా జరిగేది అదే. 'పర్లేదు' అన్న కస్టమర్ కేర్‌కే మళ్లీ రాయండి, ఫోన్లో కాదు, మెయిల్లోనో చాట్‌లోనో, రేపు చూపించడానికి ఆధారం ఉండాలి. రాసేటప్పుడు 'నేమ్ కరెక్షన్ కావాలి, మనిషి మారడం లేదు, స్పెల్లింగ్ మాత్రమే' అని స్పష్టంగా చెప్పి పాస్‌పోర్టు పేజీ ఫొటో జతచేయండి. 'నేమ్ చేంజ్' అని రాశారో, టికెట్ ఇంకెవరికో ఇస్తున్నారనుకుని మొదటి జవాబులోనే కుదరదంటారు. ఇలాంటి స్పెల్లింగ్ తప్పుల్ని చాలా ఎయిర్‌లైన్లు సరిచేస్తాయి, మూడు అక్షరాల వరకు అని హద్దు పెట్టుకున్నవీ ఉన్నాయి. ఎయిర్‌లైన్ ఉచితంగా చేసినా మధ్యలో ఉన్న వెబ్‌సైట్ తన సర్వీసు చార్జీ వేసుకోవచ్చు, అది మాత్రం గీచి గీచి బేరమాడండి.

ఇంకో మెలిక ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీ బుకింగ్‌కి ఆరు గుర్తుల పీఎన్ఆర్ ఒకటి, దాని కింద 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఒకటి ఉంటాయి. రెండూ ఒకటి కావు. పీఎన్ఆర్‌లో పేరు సరిచేసి, టికెట్‌ని మాత్రం పాత పేరుతోనే వదిలేస్తే చెక్-ఇన్‌లో రెండూ కలవక కంప్యూటర్ మొరాయిస్తుంది. 'టికెట్ రీఇష్యూ చేశారా?' అని అడిగి, కొత్త ఈ-టికెట్ కాపీ మెయిల్‌కి తెప్పించుకుని, అందులో పేరు కళ్లారా చూసుకున్నాకే ఊపిరి పీల్చుకోండి. దారిలో రెండో ఎయిర్‌లైన్ విమానం కూడా ఎక్కాల్సి ఉంటే ఈ పని ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే ఒక ఎయిర్‌లైన్ చేసిన సవరణ రెండో దానికి దానంతట అదే వెళ్లకపోవచ్చు, ఒక్కోసారి మొత్తం రద్దు చేసి మళ్లీ బుక్ చేయాల్సి వస్తుంది, అప్పటికి ఆ రేటులో సీట్లు ఉండాలి మరి.

ఇంకా టికెట్ కొననివాళ్లకి ఒక మాట: డబ్బు కట్టిన నిమిషంలోనే పేరు చూసుకోండి. అమెరికాకు వెళ్లే, అక్కణ్ణుంచి వచ్చే విమానాలకు అక్కడి రవాణా శాఖ నిబంధన ఒకటుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు, నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరే కొన్న టికెట్‌ని 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు వెనక్కివ్వాలి. డబ్బు తీసుకోకుండా 24 గంటలు అదే రేటుకి సీటు ఆపి ఉంచే పద్ధతి పెట్టుకున్న ఎయిర్‌లైన్‌కి మాత్రం ఇది వర్తించదు. ఏజెంటు సైట్లకు కూడా ఈ నిబంధన లేదు, వాళ్ల దయ.

ప్రశ్న: పాస్‌పోర్టులో నా పేరు మూడు ముక్కలు, టికెట్లో మధ్య ముక్క లేదు. మా చెల్లి టికెట్లో అన్నీ ఉన్నాయి గానీ పేర్లన్నీ కలిసిపోయి, చివర ఎంఎస్ అని అంటుకుపోయింది. ఎవరిది తప్పు?

జవాబు: మీ చెల్లిది అసలు తప్పే కాదు. పాస్‌పోర్టు ఎలా ఉండాలో చెప్పే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) డాక్యుమెంటు 9303లో నమూనాగా ఒక పేరు ఉంటుంది. ఉటోపియా అనే లేని దేశపు పౌరురాలు, ఇంటిపేరు ఎరిక్‌సన్, పేరు అన్నా మరియా. పాస్‌పోర్టు అడుగు వరుసలో ఎరిక్‌సన్ తర్వాత బాణం మొనలాంటి గుర్తులు రెండు, అన్నాకీ మరియాకీ మధ్య అలాంటిదే ఒకటి పడతాయి. అదే ఆమె టికెట్ కొంటే 'ఎరిక్‌సన్/అన్నామరియాఎంఎస్' అని వస్తుంది. బుకింగ్ వ్యవస్థలు ఏనాటివో, పేరు మధ్య ఖాళీలంటే వాటికి పడదు, మిస్టర్, మిస్ లాంటివి కూడా వెనకాల అతికించేస్తాయి. కౌంటర్లో వాళ్లకిది రోజూ కనిపించేదే. అలాగే పేరులో చిన్న గీత ఉంటే అడుగు వరుసలో దాని బదులు ఆ బాణం గుర్తు వస్తుంది, కామాలాంటి అపాస్ట్రఫీ ఉంటే ఎగిరిపోతుంది. ఇవేవీ తేడాల కిందకి రావు. పేరు మరీ పొడుగైతే చివర తెగిపోతుంది కూడా, ఎందుకంటే ఆ 44లో పేరుకి మిగిలేవి 39 చోట్లే.

మీ సంగతి కొంచెం వేరు. మధ్య పేరు లేకపోవడం, దాని బదులు ఒక్క అక్షరమే ఉండటం లాంటి చిన్న తేడాలతో ఇబ్బంది రాకూడదని టీఎస్ఏ వాళ్లే చెబుతున్నారు. చాలా ఎయిర్‌లైన్లకీ మొదటి పేరు, ఇంటిపేరు కలిస్తే చాలు. అయినా నా మాట వింటే ఉచితంగా చేర్చేదుంటే చేర్పించేయండి. లేదంటే ఎయిర్‌లైన్ చాట్‌లో ఈ ప్రశ్నే అడిగి వాళ్ల జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో పాస్‌పోర్టు వివరాలు అడిగే చోట మాత్రం మూడు ముక్కలూ రాయండి, టికెట్లో లేదు కదా అని అక్కడ కూడా కత్తిరించొద్దు.

ప్రశ్న: పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నాను. పాస్‌పోర్టు ఇంకా పాత పేరుతోనే ఉంది. మావారు నా టికెట్ కొత్త పేరుతో కొనేశారు. మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకెళ్తే సరిపోతుంది కదా?

జవాబు: సరిపోతుందని ఎవరైనా అన్నా మీరు మాత్రం సరిపోదనే అనుకోండి అమ్మా. మ్యారేజ్ సర్టిఫికెట్ చూసి ఒప్పుకునే ఎయిర్‌లైన్లు లేకపోలేదు. కానీ మొదటి ఎయిర్‌పోర్టులో ఒప్పుకున్నారని దారిలో విమానం మారే చోట కూడా ఒప్పుకోవాలని లేదు. ఆ సర్టిఫికెట్ ఏ భాషలో ఉందో, అక్కడి ఉద్యోగికి అది చదవడం వచ్చో రాదో. ఇక ఎవరికి వాళ్లే చెక్-ఇన్ చేసుకునే కియోస్క్ దగ్గర మిషన్‌కి సర్టిఫికెట్ చూపించి బతిమాలడం ఎలాగూ కుదరదు.

మీకు దారులు రెండే. మొదటిది, టికెట్‌ని పాత పేరుకి మార్పించి, పాత పాస్‌పోర్టుతోనే వెళ్లిరావడం. ఇది సుఖం. పాస్‌పోర్టు, టికెట్ ఒకే పేరుతో ఉన్నంతకాలం పాత పేరుతో ప్రయాణించడంలో తప్పేమీ లేదు. మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా బ్యాగులో పెట్టుకోండి, అప్పుడది అదనపు రక్షణ అవుతుంది. పెళ్లయిన సంగతికి రుజువు ఉంది కాబట్టి ఎయిర్‌లైన్‌ దీన్ని సవరణ కిందే చూసే అవకాశం ఎక్కువ. ఫోన్ చేయాల్సింది మావారే అని కూర్చోకుండా ప్రయాణం చేసేది మీరే కాబట్టి మీరే మాట్లాడండి.

రెండోది, కొత్త పేరుతో పాస్‌పోర్టు తీసుకోవడం. ఇది వినడానికి తేలికే గానీ పాస్‌పోర్టు మారగానే దానికి కట్టేసి ఉన్నవన్నీ కదులుతాయి. ఎలక్ట్రానిక్ అనుమతులు మామూలుగా పాస్‌పోర్టు నంబరుకి ముడిపడి ఉంటాయి. వీసా అక్కర్లేని దేశాలవాళ్లు తీసుకునే అమెరికా ఆన్‌లైన్ అనుమతి ఈఎస్‌టీఏనే చూడండి, మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది, కానీ పాస్‌పోర్టు కొత్తదైనా, పేరు మారినా మళ్లీ మొదటి నుంచి అప్లై చేయాల్సిందే. వీసా అతికించి ఉన్న పాత పాస్‌పోర్టుని కొత్తదానితో కలిపి చూపిస్తే చాలా సందర్భాల్లో నడుస్తుంది. పేరే మారిపోయినప్పుడు మాత్రం కొత్త వీసా తీసుకోవడం మంచిదని అమెరికా విదేశాంగ శాఖ సలహా. అందువల్ల ఈ దారిలో వెళ్తే ముందు పాస్‌పోర్టు, తర్వాత వీసా, ఆఖర్న టికెట్. ఈ వరుస తిరగబడితే ప్రతిదానికీ రెండుసార్లు డబ్బు కట్టాలి. ప్రయాణం దగ్గర పడి ఉంటే వెళ్లొచ్చాకే పాస్‌పోర్టు మార్చుకోండి. ముఖ్యంగా వెళ్లడానికీ తిరిగి రావడానికీ మధ్యలో ఎక్కడో విదేశంలో ఉండగా మార్చుకోవద్దు, రిటర్న్ టికెట్ పాత పేరుతో మిగిలిపోతుంది.

అన్నట్టు ప్రయాణాలకి మైళ్లు జమచేసే ఎయిర్‌లైన్ మైలేజీ కార్డు ఉంటే దాని మీద ఏ పేరుందో చూడండి. పేరు కలవకపోతే మైళ్లు జమ కావు, అది చిన్న నష్టం. పెద్దదేంటంటే లాగిన్ అయి బుక్ చేసినప్పుడు సైటు ఆ ఖాతాలోని పేరే తీసుకొచ్చి టికెట్లో నింపేస్తుంది.

ప్రశ్న: పేరులో తేడా ఉందని అఫిడవిట్ చేయించి పెట్టుకున్నాను. ఇక టికెట్ మార్చక్కర్లేదు కదా?

జవాబు: చెక్-ఇన్ కంప్యూటర్ అఫిడవిట్లు చదవదు. మార్చండి.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, పేరంతా గివెన్ నేమ్ దగ్గరే పడింది. టికెట్ సైటేమో సర్‌నేమ్ రాయకపోతే ముందుకు పోనివ్వదు. ఏం రాయమంటారు?

జవాబు: ఇందులో మీ తప్పు ఇసుమంతైనా లేదు. ప్రపంచంలో ప్రతి మనిషికీ కచ్చితంగా రెండు పేర్లుంటాయని ఎవరో అనుకుని ఆ ఫారం తయారుచేశారు, ఆ పాపం అందరూ మోస్తున్నారు. అందరికీ పనికొచ్చే ఒకే జవాబు దీనికి లేదు, ఎందుకంటే ఏ ఎయిర్‌లైన్ పద్ధతి దానిదే. కొన్ని ఉన్న పేరునే రెండు గడుల్లోనూ రాయమంటాయి. కొన్ని పేరుని సర్‌నేమ్‌లో పెట్టి మొదటి గడిలో ఎఫ్ఎన్‌యూ అని రాయమంటాయి, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. ఇంకొన్ని మిస్టర్ అనో మిస్ అనో వేసి సరిపెడతాయి. మీరు ఎక్కబోయే ఎయిర్‌లైన్ సైట్లో ఒంటి పేరు గురించి ఏం రాసిందో వెతికి అచ్చం అలాగే చేయండి. అన్నిటికన్నా ప్రమాదం సొంతంగా ఏదో ఒక ఇంటిపేరు కల్పించి రాయడం. మీ అసలు ఇంటిపేరే అయినా సరే, పాస్‌పోర్టులో లేకపోతే అది టికెట్లోకి రాకూడదు.

అమెరికా వీసా ఉన్నవాళ్లకి ఒక సూచన. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టు మీద వాళ్లిచ్చే వీసాలో పేరు సర్‌నేమ్ దగ్గరా, ఎఫ్ఎన్‌యూ గివెన్ నేమ్ దగ్గరా పడుతుంది. చాలామంది దాన్ని చూసి వీసాలో తప్పు పడిందని హడలిపోతారు. తప్పు కాదు, పద్ధతే అది. టికెట్ కూడా అలాగే ఉంటే పోల్చడం తేలిక.

పేరు ఒక్క పదమే అయితే టికెట్ని మించిన చిక్కు ఒకటుంది. విజిట్, టూరిస్టు వీసాల మీద వచ్చేవాళ్ల పాస్‌పోర్టులో పేరు ఒకే పదంగా ఉంటే రానివ్వమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. ఆ తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబ పేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. ఇలాంటిది టికెట్ సరిచేస్తే పోయే గొడవ కాదు, ఎయిర్‌లైన్ చేతుల్లోనూ లేదు. తరచూ విదేశాలు తిరగాల్సిన పని ఉంటే ఓపిక చేసుకుని పాస్‌పోర్టులోనే ఇంటిపేరు చేర్పించుకోవడం నయం. ఒకసారి పడే శ్రమ, ప్రతి టికెట్‌కీ పడే టెన్షన్ కన్నా తక్కువే.

ప్రశ్న: పేరు, ఇంటిపేరు తారుమారయ్యాయి. స్పెల్లింగ్ అంతా కరెక్టే. వదిలేయొచ్చా?

జవాబు: వరస మారడం ఎయిర్‌లైన్లకు బాగా అలవాటైన తప్పు, అడిగితే సులువుగానే మారుస్తాయి, కాబట్టి వదిలేయడం దేనికి? ఒక్క మెయిల్‌తో పోయేదాన్ని కౌంటర్ దాకా లాక్కెళ్లొద్దు. అయితే సవరించేటప్పుడు సీటు నంబరు, భోజనం, అదనపు లగేజీ లాంటివి ఎగిరిపోయే వీలుంది, అయ్యాక అవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్రశ్న: నాకు వెళ్లడం కుదరట్లేదు. తమ్ముడి ఇంటిపేరు, నా ఇంటిపేరు ఒకటే. సవరణ పేరుతో టికెట్ వాడికి మార్పించొచ్చా?

జవాబు: కుదరదు. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు వేరు, మనిషే వేరు. విమాన టికెట్లు మామూలుగా ఇంకొకరికి బదిలీ కావు, రుసుము తీసుకుని పేరు మార్చనిచ్చే ఎయిర్‌లైన్లు కొన్ని ఉన్నాయి గానీ ఆ రుసుముతో ఒక్కోసారి కొత్త టికెట్టే వచ్చేస్తుంది. యూరప్‌లో మాత్రం ఒక వెసులుబాటుంది. విమానం, హోటల్ కలిపి ప్యాకేజీగా కొని ఉంటే, యూరోపియన్ యూనియన్ 2015 ప్యాకేజీ ప్రయాణాల చట్టం ప్రకారం ఏడు రోజుల ముందు చెప్పి ఆ ప్యాకేజీని వేరేవాళ్లకి ఇవ్వొచ్చు, అదనపు ఖర్చు భరించాలి. విడి టికెట్‌కి ఇది పనికిరాదు.

ప్రశ్న: రేపు తెల్లవారుజామున నాన్నగారి ఫ్లైట్. ఇప్పుడే చూశాం, టికెట్లో ఆయన్ని ఇంట్లో పిలిచే పేరు పడింది. ఏం చేయాలి?

జవాబు: ఈ ప్రశ్న పంపినవారికి అప్పుడే మెయిల్లో జవాబిచ్చాం, పత్రిక వచ్చేదాకా ఆగితే విమానం ఎగిరిపోతుంది కాబట్టి. ఇదే అవస్థలో పడబోయేవాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాం.

ముందు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేయకండి. చెక్-ఇన్ అయిపోయిన టికెట్లో పేరు ముట్టుకోవాలంటే ముందు ఆ చెక్-ఇన్ తీసేయాలి, అదో అదనపు గొడవ. ఇప్పటికే చేసి ఉంటే ఫోన్లో ఆ సంగతి మొదటే చెప్పండి. ఒకరు ఏజెంటుకీ ఒకరు ఎయిర్‌లైన్‌కీ ఒకేసారి ఫోన్ చేయండి. ఎవరూ తేల్చకపోతే మామూలుకన్నా బాగా ముందు ఎయిర్‌పోర్టుకి వెళ్లి, చెక్-ఇన్ లైనులో కాదు, ఆ ఎయిర్‌లైన్ టికెటింగ్ కౌంటర్ దగ్గర నిలబడండి. లైనులో ఉండే ఉద్యోగి పేరు మార్చలేరు, సూపర్‌వైజర్నో డ్యూటీ మేనేజర్నో పిలవాల్సిందే. ముద్దుపేరు, అసలు పేరు ఒకే మనిషివని చూపించే కాగితం ఏదైనా ఉంటే తీసుకెళ్లండి, పుట్టిన తేదీ టికెట్ వివరాల్లోనూ పాస్‌పోర్టులోనూ ఒకటే అయితే అది కూడా మీ వైపు సాక్ష్యమే. నాన్నగారిని ఒక్కరినే పంపొద్దు. అరిచి గీపెట్టడం వల్ల పని కాదు, ఎక్కించే అధికారం వాళ్ల చేతుల్లోనే ఉంది.

అయినా కాదన్నారే అనుకోండి, అప్పుడు చేసే పొరపాటే ఖరీదైనది. విసుగొచ్చి ఇంటికి వచ్చేయకండి. విమానం బయల్దేరకముందే టికెట్‌ని వేరే తేదీకి మార్పించడమో రద్దు చేయడమో చేయండి. ఊరికే ఎక్కకుండా ఉండిపోతే నో-షో కింద రాసేస్తారు, చాలా టికెట్లకి ఆ తర్వాత చేతికొచ్చేది పన్నులు మాత్రమే, అదీ అడిగితే. పోనీ వెళ్లడానికి మాత్రం ఇంకో టికెట్ కొని, రావడానికి పాత రిటర్న్ వాడుకుందామనే ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. మొదటి విమానం ఎక్కకపోతే చాలా ఎయిర్‌లైన్లు అదే టికెట్లోని మిగతా ప్రయాణాలన్నీ రద్దు చేసేస్తాయి, పైగా ఆ రిటర్న్‌లో కూడా ఉన్నది ఆ ముద్దుపేరే కదా. కొత్తది కొనేటట్టయితే రానూపోనూ కలిపే కొనండి, పాతదాంట్లో ఎంత తిరిగొస్తుందో ఆ కౌంటర్లోనే రాయించుకోండి.